సుచిత్ర చదివే ఆనవాళ్లు

అనకాపల్లి బెల్లం వ్యాపారి దేవీప్రసాద్‌కు ఆదివారమైతే జియోకాషింగ్ పిచ్చి. ఎవరో ఎక్కడో దాచిన డబ్బాను జీపీఎస్ చూసుకుంటూ వెతికి పట్టుకునే ఆట అది. ఒకప్పుడు భార్య సుచిత్ర కూడా వచ్చేది. ప్రింటు తీసిన కాగితాలు పట్టుకుని డబ్బా జాడ చెప్పే ఆనవాళ్లు పైకి చదివేది, దారి తప్పాడని పోట్లాడేది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, పాత పామ్ ఆర్గనైజర్ ఒకటి దొరికాక, ఆనవాళ్లన్నీ అందులోకి ఎక్కించి "ఇంక కాగితాలతో పన్లేదు" అని మురిసిపోయాడు. చిన్న పుల్లతో తెరను గీకుతూ, తనలో తానే చదువుకుంటూ ముందు నడిచేవాడు. వెనక ఊరికే నడవలేక ఆమె మానేసింది. ఏళ్లు గడిచినా అతనది పట్టించుకోలేదు.

మొన్న తుమ్మపాల దాటాక ఒక గుట్ట మీద ఆ ఆర్గనైజర్ బ్యాటరీ అయిపోయి, అందులో ఉన్నదంతా చెరిగిపోయింది. ఏం చేద్దామని అడగబోయి పక్కకు తిరిగాడు. ఎవరూ లేరు. ఇంటికొచ్చి ఆనవాళ్లు మళ్లీ ప్రింటు తీయించి ఆమె ముందు పెట్టాడు.

"వచ్చే వారం నువ్వే సదువు. ఇద్దరం ఎల్దాం."

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. "గుట్టలెక్కే మోకాళ్లు ఇప్పుడెక్కడున్నాయండీ? అప్పుడు పిలిత్తే వచ్చేదాన్ని." అయినా కాగితం కింద పెట్టలేదు. "ఇక్కడే సదువుతాను, ఇనండి."

ఆమె చదువుతుంటే, తలెత్తకుండా చివరిదాకా విన్నాడు.