జీడిపప్పు లేని పుట్టినరోజు

చిన్నక్క అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేస్తుంది. మిఠాయి కొట్లకూ చెప్పుల కొట్లకూ బట్టల కొట్లకూ పెట్టెలు అక్కణ్ణుంచే వెళతాయి. యంత్రం అట్ట కోసి పడేస్తే, మడతలు నొక్కి, అంచులకు జిగురు రాసి, మూత ఒదిగి కూర్చునేలా చూడడం ఆమె బల్ల దగ్గరి ఆడవాళ్ళ పని. ఆ బల్లకు ఆమే పెద్ద. ఒకసారి తమ్ముడు ఏదో పని మీద వచ్చి గుమ్మంలోంచి "చిన్నక్కా" అని పిలిచాడు. ఆ రోజునుంచి కార్ఖానా యజమానికి కూడా ఆమె చిన్నక్కే అయిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "తీరిక దొరకలేదు" అనేది.

ఇంట్లో ఎవరికి ఏ వేడుక వచ్చినా కానుకల పని ఆమెదే. ఎవరూ అప్పగించలేదు, తనంతట తనే నెత్తికెత్తుకుంది. బావ పాదాలు ఎండాకాలంలో కూడా మంచుముక్కల్లా ఉంటాయని కనిపెట్టి ఉన్ని మేజోళ్ళు ఇచ్చింది. పెద్దక్క కూతురు బొమ్మలు గీస్తుందని చుట్టాలందరూ రంగులు కొనిస్తుంటే, ఆ రంగులన్నీ పెట్టుకోవడానికి అరలున్న పెట్టె స్వయంగా చేసిచ్చింది. ఎవరైనా మాటల్లో "అది ఉంటే బాగుండు" అంటే చాలు, ఆమె చెవిలో పడిపోయేది. ఆర్నెల్ల తర్వాత అది ఒక అందమైన పెట్టెలో వాళ్ళ చేతికొచ్చేది. అన్నవాళ్ళు మరిచిపోయినా ఆమె మరిచిపోయేది కాదు.

ఆమెకు నలభై ఆరో ఏట జీడిపప్పు పడకుండా పోయింది. కార్ఖానాలో ఎవరో మనవడు పుట్టాడని మిఠాయి పంచారు. ఒక ముక్క నోట్లో వేసుకున్న కాసేపటికే పెదాలు వాచాయి, గొంతు ఎవరో పిసికినట్టు మూసుకుపోయింది. బల్ల దగ్గరి ఆడవాళ్ళు జిగురు చేతులతోనే ఆమెను ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి పరుగు తీశారు. తేరుకున్నాక డాక్టరు విడమరచి చెప్పాడు. ఇక జన్మలో జీడిపప్పు ముట్టుకోకూడదు, పిస్తా కూడా వద్దు, సంచిలో ఎప్పుడూ ఇంజెక్షన్ ఉండాలి, అవసరమైతే బట్టల మీదుగానే తొడలో పొడుచుకోవాలి.

చిన్నక్క విని తలూపింది. ఒప్పుకోనిది ఇంట్లోవాళ్ళే.

"ఇన్నేళ్ళు గుప్పిళ్ళతో తిన్నావు కదే, ఇప్పుడేం కొత్తగా?" అంది పెద్దక్క.

పెద్దక్కది వంట వృత్తి. ఇంటి వెనకాల షెడ్డులో పొయ్యిలు పెట్టి వేడుకలకు భోజనాలు వండి పంపేది. ఆమె కూరల రుచికి లొట్టలు వేయనివాళ్ళు లేరు. ఆ రుచంతా నానబెట్టి మెత్తగా నూరిన జీడిపప్పు ముద్దలో ఉంది. అందుకేనేమో, జీడిపప్పు పడదని చెల్లెలు అన్న ప్రతిసారీ తన చేతి వంటనే పడదంటున్నట్టు ఆమె మొహం మాడ్చుకునేది. "వయసు మీద పడుతుంటే లేనిపోని భయాలు పట్టుకుంటాయి. తెలియకుండా తింటే ఏమీ కాదు" అని అందరి దగ్గరా అనేది.

అంతటితో ఆగినా బాగుండేది. కూతురికి ఉద్యోగం వచ్చిందని పెద్దక్క అందరినీ భోజనానికి పిలిచింది. "నీకు వేరేగా చేశాలే" అని చెల్లెలికి తనే ఒక గిన్నె తెచ్చి వడ్డించింది. రెండు ముద్దలు తినేసరికి చిన్నక్క నాలుక మీద చీమలు పాకినట్టయింది. తలెత్తి అక్క వైపు చూసింది. అక్క చూపు తిప్పుకుంది. అప్పుడు తెలిసిపోయింది.

చిన్నక్క సంచి తెరిచి, అందరి మధ్యా, చీర మీదుగానే ఇంజెక్షన్ పొడుచుకుంది. తమ్ముడు కారు తీశాడు. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి పెద్దక్క, "ఒక్క చెంచాయే కలిపాను. ఒక్క చెంచాకే ఇంత అవుతుందని నాకేం తెలుసు" అంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. చిన్నక్కకు గొంతు పెగిలి ఉంటే ఆ మాటే అనేది.

ఆ తర్వాత ఇంట్లోవాళ్ళందరూ కలిసి కర్ర విరగకుండా పాము చావకుండా ఒక దారి కనిపెట్టారు. వేడుకలకు వచ్చేటప్పుడు చిన్నక్క తన భోజనం డబ్బా తనే తెచ్చుకుంటుంది. ఎవరికీ ఏ గొడవా ఉండదు. అమ్మ కూడా అదే అంది. "నీ ప్రాణం నీ చేతుల్లో ఉంటుంది కదే." చిన్నక్క సరేనంది. తమ్ముడి కూతురి పుట్టినరోజుకు డబ్బా పట్టుకుని వెళ్ళింది. అందరూ వరసగా కూర్చుని ఒకరి పళ్ళెంలోది ఒకరు లాక్కుని తింటుంటే, ఆమెను కిటికీ దగ్గర వేరే కుర్చీలో కూర్చోబెట్టారు. పొరపాటున ఏమైనా మీద పడుతుందేమోనని. పలకరించిన ప్రతివాళ్ళూ ముందు డబ్బా వైపు చూసి, "అయ్యో" అని, తర్వాత ఆమె వైపు చూశారు.

వెళ్ళబోయేటప్పుడు తమ్ముడి భార్య వచ్చినవాళ్ళందరి చేతుల్లో తలో మిఠాయి పెట్టె పెట్టింది. అలవాటులో చిన్నక్క చేతిలోనూ పెట్టింది. అది గులాబీ రంగు పెట్టె. మూలల్లో మడత చూడగానే తన బల్ల మీద తయారైందని చిన్నక్క గుర్తుపట్టింది. మూత తీస్తే నిండా జీడిపప్పు బిళ్ళలు.

ఆమె మూత మూసి పెట్టెను బల్ల మీద పెట్టేసింది.

"ఇది నాకొద్దు. ఇంకో సంగతి. ఇక మీదట డబ్బా పట్టుకుని ఎవరింటికీ రాను."

"అదేంటి చిన్నక్కా, మరి రావా?" అన్నాడు తమ్ముడు.

"వస్తాను. వచ్చి మీతో కూర్చుని, మీరు తిన్నదే తింటాను. అలా పెట్టగలిగితే పిలవండి."

తమ్ముడు ఒకసారి భార్య వైపు, ఒకసారి పెద్దక్క వైపు చూశాడు. గోడ మీద పిల్లి స్వభావం వాడిది. పెద్దక్క మాత్రం ఒంటికాలి మీద లేచింది. "నీ ఒక్కదాని కోసం అందరి నోళ్ళూ కట్టుకోవాలా?"

"నా ఒక్కదాని నోరు ఇన్నాళ్ళూ కట్టేశారు కదక్కా. అప్పుడు ఎవరికీ కష్టమనిపించలేదే."

అదయ్యాక రెండు వేడుకలకు ఆమెకు పిలుపు రాలేదు. కానుకలు మాత్రం పంపింది. అందుకున్నవాళ్ళు సిగ్గుపడాలనే పంపింది. ఆ మాట బల్ల దగ్గర దాచుకోకుండా చెప్పింది కూడా.

అంతలో అమ్మకు డెబ్బై అయిదేళ్ళు నిండే రోజు దగ్గర పడింది. పెద్ద వేడుకలన్నీ పెద్దక్క ఇంట్లోనే జరగడం అలవాటు. ఈసారి చిన్నక్క ముందే తమ్ముడికి ఫోన్ చేసింది. "అమ్మ పుట్టినరోజు నా ఇంట్లో. ఇంట్లోకి జీడిపప్పు రాదు, పిస్తా రాదు. రావాలనుకున్నవాళ్ళు రండి. ఎవరూ రాకపోతే అమ్మా నేనూ కేకు కోసుకుంటాం."

"పెద్దక్క ఊరుకోదు."

"ఊరుకోమని ఎవరన్నారు? అరవమను."

పెద్దక్క అరిచింది. ఆ మధ్యాహ్నమే చిన్నక్క ఉండే మేడమీది రెండు గదుల ఇంటికి అమ్మ వచ్చింది. తమ్ముడి దగ్గర ఉంటుంది ఆవిడ. మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుంది. రాజీ చెయ్యడానికి వచ్చిందని చిన్నక్కకు అర్థమైంది.

"పొద్దున అక్క దగ్గర, సాయంత్రం నీ దగ్గర అయితే ఎలా ఉంటుందే?" అంది అమ్మ.

"బాగుండదు."

చిన్నక్క టీ పెట్టి కప్పు చేతికిచ్చింది. అమ్మ తాగకుండా పట్టుకుని కూర్చుంది.

"నాకు పాలు పడవే" అంది చివరికి.

చిన్నక్కకు ముందు అర్థం కాలేదు.

"పెళ్ళైన కొత్తలోనే తెలిసింది. పాలు పోసినవి ఏవి తిన్నా కడుపులో తిప్పేస్తుంది. మీ నాన్నమ్మతో చెప్తే, పాలు పడని మనిషి ఉంటుందా అని నవ్వింది. ఇంక ఎవరికీ చెప్పలేదు. ఎవరింట్లో ఏం జరిగినా పాల మిఠాయి నోట్లో పెడతారు, తింటాను. ఇంటికొచ్చి కడుపు పట్టుకుని పడుకుంటాను."

"ఇన్నేళ్ళా? మేమిచ్చిన టీలు, మేం కోసిన కేకులు, అన్నీ?"

"అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆ అమ్మే అడక్కపోతే ఎవరు పెడతారు?" అని అమ్మ చిన్నగా నవ్వింది. "నాకు నోరు లేక ఊరుకున్నాను. నీకుంది కదా. నువ్వు ఊరుకోకు. నేను ఇక్కడికే వస్తాను, పొద్దున్నే వస్తాను."

చిన్నక్క ఆ టీ తీసి పారబోసింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పుట్టినరోజు నాడు తన కేకు తను తినలేని మనిషికి ఇన్నేళ్ళుగా కేకు కోయించి చప్పట్లు కొట్టారు. అందులో తనూ ఉంది. ఆ కోపంతోనే వచ్చేవాళ్ళందరికీ ఫోన్లు చేసి, కానుకల కోసం ఆరా తీసినట్టే, ఎవరికేం పడదో అడిగింది. అందరూ ముందు "అబ్బే, నాకేం లేదు" అన్నారు. రెండోసారి అడిగితే తమ్ముడి భార్య గొంతు తగ్గించి, "గుడ్డు తింటే ఒళ్ళంతా దద్దుర్లు వదినా. మీ తమ్ముడికి కూడా తెలీదు" అంది.

పాలూ గుడ్డూ జీడిపప్పూ లేని కేకు కావాలని బేకరీలో అడిగితే, అవి లేకుండా చేస్తాం గానీ గిన్నెలూ కత్తులూ అవే, మాటివ్వలేం అన్నారు. ఆ నిజాయితీకి వాళ్ళకు దణ్ణం పెట్టి చిన్నక్క ఇంటికొచ్చి తనే మొదలుపెట్టింది. వంటలో ఆమె అంతంతమాత్రం. ముగ్గిన అరటిపళ్ళు, నూనె, బెల్లం కలిపి చేసిన మొదటి కేకును కార్ఖానాకు పట్టుకెళితే, బల్ల దగ్గరి ఆడవాళ్ళు దాన్ని అట్టల మీద బరువుకు పెట్టి నవ్వారు. రెండోది మధ్యలో పిండిపిండిగా ఉంది. తర్వాత్తర్వాత చేసినవాటిని మాత్రం ఎవరూ బరువుకు వాడలేదు, తిన్నారు. కొబ్బరి బిస్కెట్లు తొందరగానే కుదిరాయి.

కానుకల పెట్టెలు బల్ల దగ్గర పని అయ్యాక కూర్చుని తనే మడిచింది. అమ్మకు పూటకో అర ఉన్న మందుల పెట్టె, పక్కన మెత్తని శాలువా. తమ్ముడి భార్యకు పువ్వుల అంచున్న వంటింటి గుడ్డలు. బావకు మళ్ళీ మేజోళ్ళే. పెద్దక్కకు ఏమివ్వాలో మాత్రం చాలా ఆలోచించింది. చివరికి భోజనాలు పంపే పెట్టెలు ఒక కట్ట తయారు చేసింది. ప్రతి మూత మీదా పెద్ద అక్షరాలతో "ఇందులో ఏమేం ఉన్నాయంటే" అని అచ్చు వేయించి, కింద గీతలు ఖాళీగా వదిలేసింది. కార్ఖానాలో ఒకామె చూసి, "ఇది కానుకా, దెబ్బా?" అంది.

"రెండూ" అంది చిన్నక్క.

పుట్టినరోజు నాడు అమ్మ అన్నట్టే పొద్దున్నే వచ్చింది. తమ్ముడి కుటుంబం వచ్చింది. పెద్దక్క రాదనుకున్నారు. భోజనాల వేళకు ఆవిడ మెట్లెక్కి వచ్చింది. వెనక బావ, ఆయన చేతుల్లో గుడ్డ కప్పిన పెద్ద గిన్నె.

చిన్నక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఇందులో ఏముందక్కా?"

"అమ్మకిష్టమని చేశాను."

"ఏముంది?"

పెద్దక్క బావ వైపు చూసింది. బావ గిన్నె వైపు చూశాడు.

"అయితే ఇది లోపలికి రాదు" అంది చిన్నక్క.

"నా చేతి వంటను గుమ్మంలో ఆపుతావా? అందరి ముందూ?"

"నీ చేతి వంట నన్ను అందరి ముందే పడేసింది. నీకు తెలిసే పడేసింది. నువ్వు రా అక్కా, నిన్ను ఆపడం లేదు. గిన్నెను ఆపుతున్నాను."

లోపలినుంచి అమ్మ గొంతు వినిపించింది. "అందులో పోసే పాలు నాకు పడవే పెద్దదానా. కూర్చుంటే చెప్తాను రా."

పెద్దక్క వెనక్కి తిరిగి వెళ్ళిపోతుందేమో అన్నంతసేపు అక్కడే నిలబడింది. బావ మాత్రం ఎటూ తేల్చుకోలేక, "నేను కారులో పెట్టొస్తా" అని గిన్నెతో దిగిపోయాడు. ఎంతసేపటికీ రాలేదు. తమ్ముడు బాల్కనీలోంచి తొంగి చూస్తే, కారులో కూర్చుని గిన్నె ఒళ్ళో పెట్టుకుని హాయిగా తింటున్నాడు. పైనుంచి కేక వేస్తే మూతి తుడుచుకుంటూ ఎక్కొచ్చాడు.

"మీరు చేతులూ మొహమూ సబ్బుతో కడుక్కున్నాకే లోపలికి, బావా" అంది చిన్నక్క.

"రెండుసార్లు కడుక్కుంటాలే మరదలా" అని ఆయన బుద్ధిగా కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఆ నవ్వుల్లో పెద్దక్క కూడా లోపలికి వచ్చి కూర్చుంది.

అమ్మ కేకు కోసి మొదటి ముక్క తనే తింది. రెండో ముక్క కూడా తింది. తమ్ముడి భార్య భర్తకు దద్దుర్ల సంగతి అప్పుడే చెప్పింది. వాడు తెల్లమొహం వేశాడు. పెద్దక్క తన పెట్టెల కట్ట విప్పి, మూత మీది అక్షరాలు చదివి, ఎర్రబడిన మొహంతో కట్టను మళ్ళీ కట్టేసింది. వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఆగి, గోడ వైపు చూస్తూ అంది.

"ఆ రోజు నేను చేసింది తప్పే."

"విన్నాను" అంది చిన్నక్క.

"క్షమించానని అనవా?"

"ఇప్పుడనను. అన్నాక మళ్ళీ నాతో పరీక్షలు మొదలుపెడతావు."

పెద్దక్క కట్టను చంకలో పెట్టుకుని దిగిపోయింది. ఆ పెట్టెలు వాడిందో, షెడ్డులో పడేసిందో చిన్నక్క అడగలేదు. అక్కాచెల్లెళ్ళు ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటే పక్కవాళ్ళు పోట్లాట అనుకుంటారు.

మొన్న తమ్ముడు కొత్త బండి కొన్నానని అందరినీ భోజనానికి పిలిచాడు. ముందురోజే వాడి భార్య ఫోన్ చేసింది. "జీడిపప్పు తేలేదు వదినా. గిన్నెలు కూడా వేరేవి తీశాను."

చిన్నక్క వెళ్ళింది. చేతిలో డబ్బా లేదు, సంచిలో ఇంజెక్షన్ ఉంది. తిన్నగా వంటింట్లోకి నడిచి, ఒక్కో మూతా తీసి, ఒక్కోదానిలో ఏమేం పడ్డాయో అడిగింది.

"నమ్మకం లేదా వదినా?" అంది తమ్ముడి భార్య, చిన్నబుచ్చుకుని.

"నువ్వంటే ఇష్టం ఉంది. నమ్మకం ఇంకా రాలేదు" అంది చిన్నక్క. ఆఖరి గిన్నె కూడా చూసుకున్నాక, పళ్ళెం నిండా వడ్డించుకుని ముందు గదిలోకి వచ్చింది. "జరగండి" అని తమ్ముడినీ పెద్దక్కనూ చెరోపక్కకు నెట్టి, వరస మధ్యలో కూర్చుంది.