ఆకుపచ్చ గీత

సుందరి సౌదీలోని ధహ్రాన్‌లో నర్సు. నరసాపురం దగ్గర పల్లె నుంచి వచ్చి, సగం వయసు ఆస్పత్రి వార్డుల్లోనే గడిపేసింది. ఎందరి కళ్ళో తన చేత్తో మూసింది. శవాన్ని తుడిచి వచ్చి, చేతులు కడుక్కుని టీ తాగగలిగే మనిషి. అలాంటిదాన్ని వణికించింది చావు కాదు, ఓ ఇంట్లో తానే గీసిన గీత.

ఆ ఇల్లు రిటైరైన సౌదీ ఇంజనీరుది. పక్షవాతంతో కుడి చెయ్యీ కాలూ పడిపోతే, పగటిపూట చూసుకోవడానికి సుందరిని పెట్టుకున్నారు. వంటకి కడప మనిషి రిజ్వానా. ఇద్దరూ ఆయన్ని బాబా అనే పిలిచేవారు. కూతురు హెస్సా రియాద్‌లోని మలాజ్ పేటలో ఉంటూ, వీలు దొరికినప్పుడల్లా వచ్చి పోయేది.

బాబా కుర్రతనంలో అమెరికాలో చదువుకున్నాడు. అక్కడ అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలన్నదానికి ముందు ఆ పార్టీలోనే పోటీ జరుగుతుంది. ప్రైమరీ అంటారు. ఒక్కో రాష్ట్రం ఒక్కో రోజున ఓటేస్తూ పోతుంటే, ఎవరికెంత మద్దతుందో చెబుతూ సర్వేలు వస్తూనే ఉంటాయి. అప్పుడంటుకున్న ఆ పిచ్చి బాబాకి ముసలితనంలోనూ వదల్లేదు. మంచానికెదురుగా తెల్లబోర్డు, దాని మీద ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు గీత. చెయ్యి పడిపోయాక గీసే పని సుందరి మీద పడింది. చూపు కూడా మందగించడంతో, సర్వేలు ఫోన్‌లో చదివి చెప్పేదీ ఆవిడే.

"ఒక్క సర్వే మాట నమ్మకు సిస్టర్. నాలుగైదు కలిపి చూడు. అంకె కాదు, గీత ఎటు పోతోందో అది చూడు," అనేవాడు ముద్దమాటలతో.

సుందరికి అది జ్వరం చార్టులాగే తోచింది. పేర్లు నోరు తిరక్క, రంగులతోనే గుర్తు పెట్టుకుంది. ఎరుపు ఓ సెనేటరు. నీలం ఓ వ్యాపారి. ఆకుపచ్చ, బాబా చదివిన కాలేజీలోనే చదివిన ఓ గవర్నరు. బాబా ప్రాణమంతా ఆకుపచ్చ మీదే.

ఆకుపచ్చ దిగజారడం మొదలైంది. దిగిన రోజున బాబా ముద్ద ముట్టేవాడు కాదు. బీపీ పడిపోయేది. ఒకటి రెండుసార్లు కాకతాళీయమనుకుంది సుందరి. ఆ తర్వాత పెన్ను పట్టుకుంటేనే భయమేసేది. ఓ మధ్యాహ్నం ఆయన పెదవులు నీలంగా మారడం చూసి, గీతని కిందికి లాగలేక కాస్త పైకి ఎత్తింది.

"పెరిగింది బాబా."

ఆయన గిన్నెడు సూపు తాగాడు.

"ఏందక్కా ఈ పని?" అంది వంటింట్లో రిజ్వానా. "లేంది ఉందని ఎన్నాళ్ళు గీస్తావు?"

"ముసలాయన నాలుగు ముద్దలు తింటున్నాడు. నాకంతే చాలు."

నిజం సర్వేల్లో ఆకుపచ్చ అడుగంటిపోతుంటే, బోర్డు మీద మాత్రం ఎక్కుతూ పోయింది. బాబా దిండుకి ఆనుకుని కూర్చోవడం మొదలెట్టాడు. కొన్నాళ్ళకి గవర్నరు పోటీ నుంచి తప్పుకున్నాడని వార్త వచ్చింది. సుందరి ఫోను జేబులో పెట్టేసి, ఆకుపచ్చ గీతని ఎరుపు కంటే పైకి ఎక్కించింది.

ఆ మర్నాటి నుంచే బాబా గొంతు బొంగురుపోయింది. గంటలకొద్దీ అరిచినవాడి గొంతులా ఉంది.

"చాలామంది వచ్చారు సిస్టర్," అన్నాడు. "మాట్లాడీ మాట్లాడీ అలిసిపోయాను."

సుందరి ఆయన చచ్చుబడ్డ కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూసింది. అరచెయ్యి కందిపోయి ఉంది. వేళ్ళ సందులు వాచి ఉన్నాయి. ఎవరెవరో వరసగా వచ్చి గట్టిగా పట్టుకుని ఊపి వెళ్ళినట్టుంది. డాక్టరు వచ్చి చూసి, పక్షవాతం వచ్చిన చేతికి వాపు మామూలేనన్నాడు. అది సుందరికీ తెలుసు. అలాంటి చేతులు ఎన్నో చూసింది. కానీ ఈ చెయ్యి ఆమె వేళ్ళని పట్టుకుని, ఓసారి ఊపి, వదిలేసింది. పట్టులో బలముంది. బాబా మాత్రం అప్పుడు నిద్రపోతున్నాడు.

ఆ వారాంతం హెస్సా వచ్చింది. బోర్డు చూసి నవ్వబోయి ఆగింది.

"ఇదేంటి సుందరీ? ఈ గవర్నరు పోటీలోంచి ఎప్పుడో తప్పుకున్నాడుగా!"

సుందరి మంచం వైపు చూసింది. బాబా వింటున్నాడు. "తప్పు నాదే మేడమ్. బాబా తినడం లేదని..." అని చెప్పబోతుంటే, మంచం మీంచి బొంగురు గొంతు వినిపించింది.

"నాకు తెలుసు."

ఇద్దరూ తిరిగి చూశారు. బాబా మొహంలో కోపం లేదు.

"ఓడినవాడు తప్పుకుంటాడు. వాణ్ణి కోరుకున్నవాళ్ళు ఎక్కడికి పోతారు? ఇంకెవరి దగ్గరికో చేరతారు. నువ్వు చోటిచ్చావు సిస్టర్. వచ్చారు."

హెస్సా మొహం పాలిపోయింది. తడిగుడ్డ తీసుకుని, రంగులన్నీ కలిసి బూడిదలా అయ్యేదాకా బోర్డు తుడిచింది. సుందరి బాబా నాడి పట్టుకుని కూర్చుంది. ఆయన ప్రాణం పోతుందనుకుంది. పోలేదు. నాడి సమంగా కొట్టుకుంటోంది. కుడిచెయ్యి మాత్రం మెల్లగా చల్లబడి, వాపు తగ్గి, ఎప్పటిలా పక్కన వాలిపోయింది.

బాబా ఆ తర్వాత చాలాకాలం బతికాడు. పెట్టింది తిన్నాడు. సర్వేల మాట మళ్ళీ ఎత్తలేదు. సుందరి నెలాఖరుకి ఆ పని మానేసి ఆస్పత్రి వార్డుకి తిరిగి వెళ్ళిపోయింది.

ఎందుకు మానేశావని రిజ్వానా అడిగితే ఒక్కటే చెప్పింది. బోర్డు తుడిచిన ఆ పూట, బాబా కళ్ళు గదిలోంచి గుమ్మం దాకా మెల్లగా కదులుతూ పోయాయట. మళ్ళీ మంచం దగ్గరికొచ్చి, మళ్ళీ గుమ్మం దాకా. వెళ్ళిపోతున్నవాళ్ళని ఒక్కొక్కరినే సాగనంపుతున్నట్టు.

"అప్పటికి నేను మంచం దగ్గర్నుంచి లేచి గుమ్మంలో నిలబడి ఉన్నాను రిజ్వానా," అంది సుందరి. "ఎవరూ అడక్కుండానే పక్కకి జరిగి దారిచ్చాను."