ప్లగ్గు పట్టుకున్న మనిషి

సూర్యాపేటలో దేవసహాయం ఇంట్లోనే టీవీలు బాగుచేసేవాడు. అతను సెట్టు వెనక డొప్ప విప్పుతుంటే భార్య సువార్తమ్మ స్విచ్ బోర్డు పక్కన పీటేసుకుని కూర్చునేది.

"తీసినవా?"

"తీసిన. ఇగో, సూడు" అంటూ ప్లగ్గు చేత్తో ఎత్తి చూపించేది. అది కళ్లారా చూస్తే తప్ప అతను లోపల వేలు పెట్టేవాడు కాదు.

ప్లగ్గు తీసినా పిక్చర్ ట్యూబులో కరెంటు నిలిచే ఉంటుంది. దాన్ని దింపడానికి, షాక్ కొట్టకుండా ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని, టీవీ లోపలి ఇనుప చట్రానికి వైరు కట్టిన స్క్రూడ్రైవర్ మొనను ట్యూబు మీది రబ్బరు టోపీ కిందికి పోనిచ్చేవాడు. టప్పుమనేది. సువార్తమ్మ ప్రతిసారీ ఉలిక్కిపడేది.

"జర చెప్పి చెయ్యరాదా! నా పానం పోతది ఒకనాడు."

అతను నవ్వేవాడు. ఒక్కసారీ ముందు చెప్పలేదు.

తొంభై ఒకటిలో వాళ్ల సొంత బ్లాక్ అండ్ వైట్ టీవీలో బొమ్మ రావడం ఆగిపోయింది. కోదాడ నుంచి ఒకరు సెట్టు బస్సెక్కించుకొచ్చేవారు, తిరుమలగిరి నుంచి ఇంకొకరు. సొంతది రేపు చూద్దామని వాయిదా పడేది. అలా మూడేళ్లు.

తొంభై నాలుగు వానాకాలంలో సువార్తమ్మ గుండెజబ్బుతో మిర్యాలగూడ దవాఖానలో చేరింది.

"ఊరోళ్లయన్నీ జేస్తవ్. మనదేమో దిష్టిబొమ్మ లెక్క కూసున్నది."

"నువ్ ఇంటికొచ్చేటాల్లకు బొమ్మ తెప్పిస్తగా."

"వద్దు, ఒక్కనివే ముట్టకు. నేనొచ్చి ప్లగ్గు పడ్తా."

ఆ మాట మీదే ఉన్నాడు. టీవీ ముట్టలేదు. సువార్తమ్మ ఇంటికి రాలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం తమ టీవీకి కాసేపు స్విచ్ వేసి చూసి, డొప్ప విప్పాడు.

"తీసినవా?"

నోరు అలవాటుగా అనేసింది. చెయ్యి గాలిలోనే ఆగింది. లేచి, తనే ప్లగ్గు పీకి, కనపడేలా ఆమె పీట మీద పెట్టాడు. స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

"సువార్తా, ఇప్పుడు సప్పుడైతది. బయపడకు."

టప్పుమంది.

లోపల ఒక్కచోట టంకం ఊడింది, అంతే. అతికించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. డొప్ప బిగించి, ప్లగ్గు పెట్టి స్విచ్ వేస్తే తెర వెలిగింది. ఎవరో వార్తలు చదువుతున్నారు. అతనికి ఒక్క మాటా చెవికెక్కలేదు. పది నిమిషాలు. మూడేళ్లలో పది నిమిషాలు.

టీవీ కట్టేసి ప్లగ్గు పీకాడు. ఆమె పీట మీద కూర్చుని, దాన్ని చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

"తీసిన" అన్నాడు. "ఇగో, సూడు."