అమ్మ దయ్యమై ఉన్న రెండేండ్లు

మొన్న మధ్యాహ్నం మా వీధి చివరింటామె వచ్చి, అరుగు మీద కూచుని, ఎండల గురించి, నల్లా నీళ్ల గురించి చాలాసేపు మాట్లాడి, లేవబోయే ముందు అసలు సంగతి అడిగింది. వాళ్ల చెల్లెలికి రెండో సంబంధం కుదిరిందట. పిల్లవాడి మొదటి భార్య పోయి ఏడాదైందట. "అవ్వా, పోయినామె పేరు మీద పిల్ల మెడల బిళ్ల కట్టాలంటున్రు. ఎట్ల చేయించాల్నో మాకెవరికీ తెల్వదు. నీకైతే ఎరుకుంటదని వచ్చిన" అన్నది. సవతమ్మ బిళ్ల అంటే ఈ కాలం వాళ్లకు తెలియదు. చచ్చిపోయిన మొదటి భార్యకు కోపం రాకుండా రెండో భార్య మెడలో వేసే చిన్న వెండి బిళ్ల అది. ఇదివరకే ఒక పెండ్లాన్ని పోగొట్టుకున్నాడు కదా అని మొగుని మెడలో మాత్రం ఏ బిళ్లా కట్టరు. కంసాలికి ఏం చెప్పాలో వివరంగా చెప్పి, "ఆ మొదటామె ఎట్ల పోయిందో కనుక్కున్నరా?" అని అడిగాను. "గది అడగలే అవ్వా" అని ఆమె తెల్లమొహం వేసింది. ఆమె పోయాక నాకు అన్నం సయించలేదు. మా చిన్నమ్మ మెడలో ఆ బిళ్ల ఉండేది. అది మా అమ్మ పేరు మీద కట్టిన బిళ్ల.

మాది గద్వాల. కిల్లకు, అంటే కోటకు, అవతల నేతవాళ్ల వీధిలో మా ఇల్లు. వీధి తలుపు తీయగానే మగ్గం గది, దాని వెనక పడసాల, ఆ వెనక వంట. మగ్గం అంటే నేలలో గుంత తవ్వి, కాళ్లు అందులోకి వేలాడేసుకుని నేసే గుంత మగ్గం. నిజాం రాజ్యం నడుస్తున్న రోజులు. సంస్థానం వాళ్ల ఇండ్లకు, ఎక్కడెక్కడి పెండ్లిండ్లకో మా వీధి నుంచే చీరెలు పోయేవి. నూలు నానబెట్టేది, కండెలు చుట్టేది, గంజి కాసేది, నిలువు పోగుల పడుగు సాగదీసేటప్పుడు ఎండలో నిలబడి తెగిన పోగులు అతికేది అంతా ఆడవాళ్లే. చీరె మాత్రం నాయిన నేసినట్టు లెక్క. ఆడది గుంతలో దిగితే మగ్గానికి అరిష్టమని మా నాయనమ్మ మాట. ఆమె మాటకు ఇంట్లో ఎదురు లేదు. తొమ్మిదిమందిని కని అయిదుగురిని పోగొట్టుకున్న మనిషి. గట్టిగా ఉండకపోతే బతకలేమని ఎక్కడో నేర్చుకున్నది, ఆ నేర్చుకున్నది మళ్లీ మరచిపోలేకపోయింది.

అయితే మా అమ్మ నేసేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక నాయిన పడసాలలో నడుం వాల్చేవాడు, నాయనమ్మ అరుగు మీద కునుకు తీసేది. అప్పుడు అమ్మ చీరె కుచ్చిళ్లు ఎగజెక్కి గుంతలో దిగేది. నేను గడప దగ్గర చింతగింజలతో ఆడుతున్నట్టు నటిస్తూ కాపలా. మగ్గం మీద అమ్మ దెబ్బ నాయిన దెబ్బలా ఉండేది కాదు. టక్, టక్ అని రెండు చిన్నవి, తర్వాత ఒకటి మెత్తగా, ఆపైన కాసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేని సమయంలో ఆమె అంచు చూసుకుని మురిసిపోతున్నదన్నమాట. జానెడు నేసి ఎక్కివచ్చి, ఏమీ ఎరగనట్టు కండెలు చుట్టుకునేది. తన చీరెలో పక్కవాడు ఒక్క పోగు వేసినా కనిపెట్టగల నేతగాడు మా నాయిన. ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఒక్కసారీ అడగలేదు. ఆయన మంచితనమంతా నోరు తెరవకపోవడంలోనే ఉండేది. ఆయన తప్పు కూడా అదే.

నాకు ఎనిమిదేండ్లప్పుడు అమ్మకు నొప్పులొచ్చాయి. మూడు రోజులు. బిడ్డ అడ్డం తిరిగిందని, తన చేతిలో లేదని మంత్రసాని రెండో రోజే చెప్పేసింది. మాకు దవాఖాన రెండు వీధుల అవతల. ఎదురింటి సాయిబు టాంగా నడిపేవాడు, అందరం ఆయన్ని చిచ్చా అనేవాళ్లం. ఎవరూ పిలవకుండానే టాంగా కట్టి మా వాకిట నిలబెట్టాడు. నాయనమ్మ గడపకు అడ్డంగా కూచున్నది. "మొగ డాక్టరు చెయ్యి పడ్డంక ఆ పిల్ల మల్ల ఈ గడప ఎట్ల తొక్కుతది?" అన్నది. నాయిన వీధిలోకి చూశాడు, తల్లిని చూశాడు, వెళ్లి గుంతలో దిగాడు. ఆ పగలూ రాత్రీ నేశాడు. అంత జోరుగా మగ్గం ఆడడం నేనెప్పుడూ వినలేదు. ఆ మోతలో అమ్మ అరుపులు పక్క గదిలో ఉన్న నాకే వినబడలేదు. మూడో రోజు మధ్యాహ్నం మంత్రసాని వచ్చి మగ్గం మీద చెయ్యి వేసి ఆపింది. చిచ్చా గుర్రాన్ని విప్పుకుని తీసుకుపోయాడు.

పురుటి స్నానం లేకుండా, మా అమ్మలా బిడ్డతోపాటే పోయిన ఆడది బాలింత దయ్యమవుతుందని, కడుపుతో ఉన్నవాళ్ల మీద కన్నేస్తుందని మావైపు గట్టి నమ్మకం. రెండు నెలలు తిరక్కముందే ఒక మధ్యాహ్నం మగ్గం గదిలోంచి చప్పుడు వచ్చింది. టక్, టక్, తర్వాత మెత్తగా ఒకటి. నాయిన పడసాలలో లేచి కూచున్నాడు. నాయనమ్మ అరుగు మీంచి వీధిలోకి దిగింది. నేను మాత్రం అలవాటుగా చింతగింజలు తీసుకుని గడప దగ్గరికి పోయాను. గదిలో ఎవరూ లేరు. గుంతలో తొక్కుడు కర్రలు ఒకదాని తర్వాత ఒకటి దిగి లేస్తున్నాయి. పక్కన మట్టి నేల మీద తడి పాదాల గుర్తులు, అప్పుడే నెత్తి తడుపుకుని వచ్చిన మనిషివి. గదంతా వావిలాకు కాగిన నీళ్ల వాసన. అది బాలింతలకు పోసే నీళ్ల వాసన, అమ్మకు పోయని నీళ్ల వాసన. నాకు లేచి పోవాలనిపించలేదు.

ఆ తర్వాత నాయనమ్మ గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది, మిరపకాయలు కట్టింది, పాత చెప్పు, చీపురు, గుర్రపు నాడా కట్టింది. మా వాకిలి అంగడిలాగుందని వీధిలో నవ్వుకునేవాళ్లు. అమ్మ లెక్కచెయ్యలేదు, రోజూ వచ్చింది. మధ్యాహ్నం పెరిగిన జానెడు బట్టను నాయిన విప్పేయలేదు. కాసేపు వేలితో తడిమి, అక్కణ్నుంచే ఎత్తుకుని నేసేవాడు. ఆ చీరెలు కట్టుకుని ఏ ఊళ్లలో ఎందరు పెండ్లి పీటల మీద కూచున్నారో! వాళ్లకేం తెలుసు పాపం.

ఏడాది తిరిగాక నాయినకు రెండో పెండ్లామై వడ్డేపల్లి దిక్కు నుంచి చిన్నమ్మ వచ్చింది. పదిహేడేండ్లుంటాయేమో. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కన్నడ దేశపు సరిహద్దు పక్క ఊరు కాబట్టి మాటకు ముందు 'సుమ్మనుండు' అనేది, ఊరికే ఉండు అని. మెడలో కొత్త పుస్తె, దాని పక్కన కొత్త బిళ్ల. వచ్చిన మర్నాడు మధ్యాహ్నం మగ్గం మోగింది. అందరూ తలో దిక్కు పోయారు. చిన్నమ్మ వచ్చి నా పక్కన నిలబడింది.

"ఎవరే ఆమె?"

"మా అమ్మ."

చాలాసేపు విన్నది. "మంచిగ నేస్తదే" అని నా పక్కన కూలబడి నా చెయ్యి పట్టుకున్నది. నాకు ధైర్యం చెబుతున్నదనుకున్నాను. ఆ చెయ్యి మంచుగడ్డలా ఉన్నది.

నాలుగు రోజులకు ఆ చల్లదనం పోయింది. చుట్టిన కండెలు గడప లోపల పెట్టడం, చెంబుతో నీళ్లు పెట్టడం మొదలుపెట్టింది. తర్వాత మాటలు. "అక్కా, ఇయ్యాల పప్పుల ఉప్పెక్కువైందని ముసలామె మూడుసార్లు అన్నది. నీ కాలంల గూడ గిట్లనేనా?" లోపల మగ్గం ఆగేది. ఆగి, టకటకటక అని గబగబా నాలుగు దెబ్బలు పడేవి. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఒకే మొగునితో, ఒకే అత్తతో వేగిన ఇద్దరు ఆడవాళ్లకు మాట్లాడుకోవడానికి ఎంత ఉంటుందో అప్పుడు చూశాను. ఒకరు బతికి లేకపోవడం వాళ్లకు పెద్ద అడ్డమేం కాలేదు.

రెండో ఏడు చిన్నమ్మకు నెల తప్పింది. ఇంక ఇంట్లో నవ్వులు లేవు. బాలింత దయ్యం ఇంట్లో ఉండగా కడుపుతో ఉన్న పిల్ల బతకదని వీధంతా ఒకటే మాట. ఏడో నెల అమావాస్య నాడు నాయనమ్మ కృష్ణానది దిక్కు నుంచి మంత్రగాణ్ని పిలిపించింది. ఆయన వచ్చీ రాగానే "కోడి నాటుదేనా?" అని అడిగాడు. నాటుదే అని తెలిశాక సంచిలోంచి వేపమండలు, జానెడు ఇనుప మేకు తీశాడు. పోయినామెను బిళ్లలోకి దింపి, ఆ బిళ్లను ఊరవతల చెట్టుకు మేకుతో కొడితే ఇక ఎన్నటికీ కదలదట. అంటే అమ్మ ఇక రాదన్నమాట. ఆయన ముగ్గు వేసే సందులో మేకు తీసుకుపోయి గంజి కుండలో పడేశాను.

"బిళ్ల తియ్యి తల్లీ" అన్నాడు.

"తియ్యను" అన్నది చిన్నమ్మ.

ఆయన నాయనమ్మ వైపు తిరిగి సంబరంగా, "చూసినవా, లోపలున్నామె మాట్లాడుతున్నది" అన్నాడు.

"లోపల ఎవ్వరు లేరు. నేనే మాట్లాడుతున్న."

"దయ్యాలన్నీ గట్లనే అంటయి. చెప్పు, ఏం కావాలె? చీరె కావాల్నా? పూలు కావాల్నా?" అని వేపమండతో భుజం మీద కొట్టాడు.

చిన్నమ్మ ఆయన్ని చూడలేదు, నాయనమ్మను చూసింది. "అత్తా, అక్కను చెట్టుకు కొడితే నేను బతుకుతనా? అక్కను సంపింది దయ్యమా?" అన్నది.

పట్టపగలు, అంతమంది ముందు, మగ్గం గదిలోంచి టక్, టక్, మెత్తగా ఒకటి వినబడింది. మంత్రగాడు మేకు సంగతి మరచిపోయాడు, కోడి సంగతి మరవలేదు. రెండు రోజుల తర్వాత గంజి కలుపుతుంటే నాయనమ్మకు ఆ మేకు దొరికింది. నా వైపు ఒకసారి చూసి, గోడకు కొట్టి చేట తగిలించింది.

నెలలు నిండి నొప్పులొచ్చాయి. మొదటి రోజు గడిచింది. రెండో రోజు మధ్యాహ్నానికి మంత్రసాని మళ్లీ అదే మాట అన్నది. నాయనమ్మ మళ్లీ అదే గడప మీద కూచుని "ఇంక జర సూద్దాం" అన్నది. చిచ్చా టాంగా మళ్లీ వాకిట్లో. నాయిన వచ్చి గుంతలో దిగాడు. నేను గడప దగ్గరే ఉన్నాను, అంతా చూశాను. నాయిన కర్ర తొక్కాడు, పోగు పట్టుకుపోయే నాడె విసిరాడు, దెబ్బ కొట్టాడు. చప్పుడు రాలేదు. పోగులు లేచి దిగుతున్నాయి, నాడె ఇటునుంచి అటు పోతున్నది, దెబ్బ పడుతున్నది, కానీ ఏ చప్పుడూ లేదు. నీళ్ల అడుగున నేస్తున్నట్టుంది. ఆయన ఇంకా గట్టిగా కొట్టాడు. ఒళ్లంతా చెమట. గుంత అంచున తడి పాదాల గుర్తులు, ఆయనకు ఎదురుగా తిరిగి ఉన్నాయి. అప్పుడు లోపలి గదిలోంచి చిన్నమ్మ అరుపు వచ్చింది. అడ్డం ఏమీ లేకుండా ఇల్లు దాటి వీధిలోకి పోయింది. రెండేండ్ల కింద వినకుండా తప్పించుకున్న అరుపు కూడా ఆయనకు అందులోనే వినబడిందనుకుంటాను. చెవులు మూసుకున్నాడు. కొంతసేపటికి చేతులు దించాడు.

గుంతలోంచి ఎక్కివచ్చి, "చిచ్చా, టాంగా మల్పు" అన్నాడు. నాయనమ్మ కదల్లేదు. "అమ్మా, పక్కకు జరుగు." జీవితంలో తల్లికి ఎదురు చెప్పిన మొదటి మాట అది. ఇంతలో లోపల్నుంచి మళ్లీ అరుపు. నాయనమ్మ లేచి, లోపలికి పోయి, బొంత తీసుకువచ్చి టాంగాలో పరిచి, తనే ముందు ఎక్కి కూచున్నది. "నెత్తి నా ఒళ్ల పెట్టుండ్రి" అన్నది. చిచ్చా కళ్లు తుడుచుకుని గుర్రాన్ని అదిలించాడు.

దవాఖానలో ముసలి డాక్టర్ సాబు తెర అవతల నిలబడి చెబుతుంటే నర్సమ్మ అంతా చేసింది. పొద్దు వంగకముందే నాకొక చెల్లెలు పుట్టింది. చిన్నమ్మ బతికింది. "మొగోని చెయ్యే పడలే!" అని నాయనమ్మ వీధిలో అందరికీ చెప్పేది. ఎన్నోసారి చెబుతుండగానో మధ్యలో ఆపింది. ఆ తర్వాత ఎన్నడూ చెప్పలేదు.

పురుటి స్నానం నాడు పొయ్యి మీద వావిలాకు నీళ్లు రెండు కాగులు పెట్టి ఉన్నాయి. రెండోది ఎవరికని ఎవరూ అడగలేదు. నాయనమ్మే మోసుకుపోయి, మగ్గం గదిలో నేల మీద చెంబు చెంబుగా పోసింది. "తానం జెయ్యి బిడ్డా" అన్నది. బతికుండగా అమ్మను ఆమె బిడ్డా అనగా నేను వినలేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు చప్పుడు లేదు. అందరికీ ప్రాణం లేచివచ్చింది. నేను మాత్రం గడప దగ్గర కూచుని ఎదురుచూసి ఏడ్చేదాన్ని. వారం చూసి చిన్నమ్మ చంటిదాన్ని నా ఒళ్లో వేసి, పట్టపగలు అందరూ చూస్తుండగా గుంతలో దిగింది. కాళ్లు అందలేదు. నేయడం రాలేదు, నాలుగు పోగులు తెంపింది. నాయిన పడసాలలోంచి లేచివచ్చి చూశాడు. బయటికి పోయి రెండు ఇటుకలు తెచ్చి, గుంతలోకి వంగి ఆమె కాళ్ల కింద పెట్టాడు. ఆ తర్వాత ముప్ఫై ఏండ్లు ఆమె నేసింది. నాకూ చెల్లెలికీ నేర్పింది.

అమ్మ పోయినప్పుడు ఆమె వయసు ఇరవై నాలుగు. ఇన్నాళ్లూ కండ్లు మూసుకుంటే పెద్దదానిలాగే కనబడేది. ఈ మధ్య చూస్తే నా మనుమరాలి కంటే చిన్నపిల్ల. దగ్గర కూచోబెట్టుకుని, తలకు నూనె రాసి, జడ వేసి, "అలసిపోయినవు బిడ్డా, జర పండుకో" అనాలనిపిస్తుంది. కాలం నన్ను మా అమ్మకే అమ్మను చేసింది.