ఇటలీ బండికి పొనికి సీటు

మొన్న నిర్మల్ దాటి ఆదిలాబాద్ పోతుంటే, మహబూబ్ ఘాటు కొండదారిలో మూడో మలుపు రాగానే నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. లేవాలని లేవలేదు, కాళ్లే లేచాయి. బస్సు ఆగలేదు, మూలగనూ లేదు. గేరు మార్చుకుని హాయిగా పైకి పోతూనే ఉంది. కండక్టరు వెనక్కి తిరిగి, "ఏమైందమ్మా, ఈడ స్టాపు లేదు, కూసోండ్రి" అన్నాడు. పక్కనున్నావిడ నాకు కళ్లు తిరిగాయనుకుని సంచీలోంచి నిమ్మకాయ తీసి చేతిలో పెట్టింది. మామూలుగా అయితే అలాంటి జాలికి తగిన జవాబు చెప్పకుండా ఊరుకోను. నా నోటి సంగతి మా కాలేజీలో ప్రిన్సిపాల్ నుంచి చప్రాసీ దాకా అందరికీ తెలుసు, మా ఆయనకు ఇంకా బాగా తెలుసు. ఆ రోజు మాత్రం నిమ్మకాయ వాసన చూసుకుంటూ కూర్చున్నాను.

ఆ మలుపు దగ్గర దిగడం ఒకప్పటి రివాజు. అప్పటి బస్సులకు అక్కడినుంచి పైకి ఎక్కే దమ్ము ఉండేది కాదు. మూడో మలుపు రాగానే డ్రైవరు బండి ఆపి, ఎవరితో ఏమీ చెప్పకుండా బీడీ ముట్టించేవాడు. జనం వాళ్లంతట వాళ్లే దిగేవాళ్లు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు మాత్రం కూర్చునేవాళ్లు. బస్సు తేలికపడి పైకి పోయి నిలబడితే, మిగతావాళ్లం టేకుచెట్ల నడుమ ఆ పొగ మింగుతూ నడిచి వెళ్లి మళ్లీ ఎక్కేవాళ్లం. టికెట్టు కొని నడవడం ఏమిటని నేను పదమూడో ఏటనే ఒక కండక్టరుతో వాదం వేసుకున్నాను. ఆయన జవాబు వెతుక్కునేలోపే చిన్నమ్మ నా రెక్క పట్టి లాక్కుపోయింది. "ఇంత దూరం బండి మనల్ని మోసింది. జరంత సేపు మనం దాన్ని మోస్తే ఏంపోయింది బిడ్డా?" అంది.

చిన్నమ్మ అంటే మా కాక భార్య, కాక అంటే మా బాపు తమ్ముడు. మాది నిర్మల్‌లో బొమ్మలు చేసే ఇల్లు. పొనికి కర్ర చెక్కడం, చింతగింజల గుజ్జు పట్టించడం, రంగులు వెయ్యడం తప్ప మా వాళ్లకు ఇంకో పని తెలియదు. కాక ఒక్కడే ఉలి పారేసి, ఒక దొర దగ్గర మోటారు డ్రైవరుగా చేరాడు. బాపు దృష్టిలో అది ఇల్లు విడిచి సన్యాసుల్లో కలవడం లాంటిది. చిన్నమ్మకు పిల్లలు లేరు, నేనే ఉన్నాను. ఆమె నలుగురిలో మొగుడితో నేరుగా మాట్లాడేది కాదు. ఏం చెప్పాలన్నా "మీ కాకకు చెప్పు" అని నాతో అనేది, కాక అక్కడే రెండు మూరల దూరంలో కూర్చుని వింటున్నా సరే. ఎవరూ లేనప్పుడు ఏం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు. కాకను బట్టి చూస్తే అప్పుడూ ఆయనే మాట్లాడేవాడు, ఆమె వినేది.

చిన్నమ్మ గుండె బాగుండేది కాదు. చిన్నప్పుడు కీళ్లవాపు జ్వరం వచ్చి గుండెను పట్టిందని ఆదిలాబాద్‌లో ఉన్న లేడీ డాక్టరు తేల్చింది. నెలకోసారి రమ్మంది, మెట్లు ఎక్కవద్దంది, బిందె ఎత్తవద్దంది. ఘాటు ఎక్కవద్దని ఆమెకు తోచలేదు, బస్సులో వచ్చే మనిషి ఘాటును నడిచి ఎక్కుతుందని పట్నంలో చదివినావిడకు ఎలా తెలుస్తుంది? నువ్వు కూర్చో అని మేమందరం చెప్పేవాళ్లం. "అందరు నడుస్తుంటె నేనొక్కదాన్ని గద్దె మీద కూసున్నట్టు కూసోవాల్నా? సిగ్గు గాదు?" అని చిన్నమ్మ అందరికంటే ముందే దిగేది. ఒకసారి అలాగే నడుస్తూ మలుపు దాటగానే కూలబడింది. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఆ రోజు ఆమెను ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక కాక నాతో అన్నాడు, "ఇగ మీ చిన్నమ్మ కాలు ఘాటు మీద పెట్టనియ్య బిడ్డా. కూసున్న తాన్నే కూసోని ఎక్కాలె." మొదటిసారి ఆయన కూడా ఆమెకు చెప్పవలసింది నాతో చెప్పాడు.

ఇక బండి సంగతి. పోలీసు యాక్షన్ తరువాత దొర హైదరాబాదుకు మకాం మార్చాడు. పోతూపోతూ కొట్టంలో ఒక ఎర్ర బండిని వదిలిపోయాడు. ఇటలీ దేశంలో పందేల కోసం చేసిన రెండు సీట్ల బండి అది. ఎవరో బొంబాయి వ్యాపారి వాడి వదిలేసినదాన్ని దొర మోజుపడి కొన్నాడు. కొని రెండుసార్లు తోలాడు, నడుం పట్టేసింది. దొరసాని కాకను పిలిచి, "గా ఎర్రది తీస్కపో, కోళ్లు గుడ్లు పెడుతున్నయి అండ్ల" అంది. పేరుకు పందెపు బండే కాని వయసైపోయింది. కాక ఒక్కడు కూర్చుంటే ఘాటు ఎక్కేది, పక్కన ఇంకొక మనిషి కూర్చుంటే మూడో మలుపులో దగ్గి నిలబడేది. దానికి బలం తేవాలి. కాక దగ్గర పైసలు లేవు. అది ఆ రోజుల్లో ప్రత్యేకంగా చెప్పుకునే విశేషం కాదు.

హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి ఎండాకాలం అది. నేను హైదరాబాదు కాలేజీలో ఫిజిక్స్ చదువుతూ సెలవులకు వచ్చాను. వచ్చేసరికి మా వాకిలి వాకిలిలా లేదు. కాక ఇంజన్ విప్పి పాత చాప మీద పరిచాడు. ఇంజన్ పైనుండే హెడ్డు అడుగును అరగదీస్తే లోపల గాలీ పెట్రోలూ ఇంకా ఇరుకున నలిగి గట్టిగా పేలతాయి, బలం పెరుగుతుంది. పత్తిమిల్లు ఫిట్టరు అన్నం వేళలో ఆయన కోసం ఆ హెడ్డును మిషన్ మీద పైపైన కోసి ఇచ్చాడు. మిగిలింది కాక గరుకు మందు రాసి అద్దం మీద చేత్తో రుద్దాడు. ఆ అద్దం బాపు వేసిన దశావతారాల పటానిది. "దేవుని అద్దం మీద ఇంజన్ రుద్దుతవార?" అని బాపు మండిపడితే, "దేవుడేమన్నడు అన్నా, నువ్వే అంటున్నవ్" అని కాక రుద్దుతూనే ఉన్నాడు. మిలిటరీ లారీ నుంచి ఊడదీసిన పెద్ద కార్బొరేటరు ఒకటి నిజామాబాదు పాతసామాను దుకాణంలో దొరికింది. దాన్ని ఈ ఇంజన్‌కు కలిపే ఇత్తడి మూతిని ఎడ్ల గంటలు పోతపోసే ఓజాయన మైనం అచ్చు మీద పోసి ఇచ్చాడు. గాలి లోపలికి పోయే దారులను కాక గరుకు కాగితం పుల్లకు చుట్టి, బొమ్మ చెంపను నునుపు చేసినట్టు నునుపు చేశాడు. ఉలి పారేసినా చెయ్యి మాత్రం బొమ్మలవాడి చెయ్యే. పొగగొట్టానికి సైలెన్సర్ తీసేశాడు. దాంతో మా బజారులో పసిపిల్లలెవరికీ నిద్ర లేకుండా పోయింది.

ఎంత బలం వచ్చిందో తెలియాలంటే చిన్నమ్మ బరువు తెలియాలి. ఆమెను జొన్నల దుకాణం తరాజు మీద కూర్చోబెట్టాం. ఒక తట్టలో చిన్నమ్మ, ఇంకో తట్టలో జొన్నలు. సేటు బస్తా వంచగానే చిన్నమ్మ పైకి లేచింది. "జొన్నలె బరువున్నయ్, జర తియ్యాలె" అన్నాడు సేటు. తీసి, తీసి, సరితూగినంత మూట కట్టి ఇచ్చాడు. అది చూసి నాకు నవ్వు రాలేదు. ఆ మూటకు మా ఇంట్లో 'చిన్నమ్మ మూట' అని పేరు పడింది. కాక రోజూ దాన్ని పక్కసీట్లో కూర్చోబెట్టి తాడు కట్టి ఘాటుకు పోయేవాడు, ముఖం వేలాడేసుకుని వచ్చేవాడు. మూడో మలుపు దాటింది. పైనున్న ఆఖరి మలుపులో ఆగిపోయింది. స్టెప్నీ చక్రం తీసేశాడు. టాపు తీసేశాడు. తలుపులు రెండూ ఊడదీసి గోడకు ఆనించాడు. అయినా ఆఖరి మలుపులోనే ఆగింది.

ఆ సాయంత్రం అందరం అరుగు మీద ఉన్నాం. కాక మూటను దించి నా పక్కన కూర్చున్నాడు. "నువ్వు సదువుకున్నవ్. ఇంకేం తియ్యాల్నో చెప్పు" అన్నాడు. నిజంగా అడిగాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటు నాకు అప్పుడూ లేదు.

"అన్నీ తీసినవ్ కాకా. ఇగ తియ్యనీకి చిన్నమ్మనే మిగిలింది."

అందరూ నవ్వారు. చాటలో బియ్యం ఏరుతున్న చిన్నమ్మ అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గు తెరలు వస్తే చాట కింద పెట్టి, "పిల్ల చెప్పింది నిజమే గద. మీ కాకకు చెప్పు" అంది.

కాక ఒక్కడే నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే లేచి, బాపును అడక్కుండానే ఆయన ఉలి తీసుకుని, పన్నెండేళ్ల తరువాత చెక్క ముందు కూర్చున్నాడు. బండిలోని ఇనుప సీటు ఎత్తాలంటే ఇద్దరు కావాలి. దాని బదులు పొనికి కర్రతో సీటు చెక్కాడు. పొనికికి బరువు ఉండదు, చేతిలో పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు. చెక్కడం అయ్యాక బాపు వచ్చి చూశాడు. దాన్ని లోపలికి తీసుకుపోయి రెండు రోజులు కూర్చుని నల్లటి పూత మీద బంగారు రంగు పూలు వేశాడు. అన్నదమ్ములు అలా రాజీ పడ్డారు. "గింత సక్కగుంటె కూసునుడెట్ల?" అంది చిన్నమ్మ చేత్తో తడిమి.

సీటు వేశాక కాక మూటతో ఇంకోసారి ఎక్కించి చూడాలనుకున్నాడు. ఇంతలో చిన్నమ్మకు ఆయాసం ఎక్కువైంది. మూడు రోజులు పడుకోలేక దిండు పట్టుకుని కూర్చుంది. ఇక ఆగడానికి లేదని తెల్లవారగానే ఇద్దరూ డాక్టరు దగ్గరికి బయలుదేరారు. ఇంజన్ మరిగితే పోయడానికి రెండు డబ్బాల నీళ్లు పట్టుకుని నేను ముందు బస్సులో పోయి ఘాటు పైన నిలబడాలి. పోయేముందు చూశాను. చిన్నమ్మ పూల సీట్లో ఒదిగి కూర్చుంది, తలుపు లేనివైపు కాక అడ్డంగా తాడు కట్టి కొక్కెం తగిలించాడు. ఆమె నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, పెళ్లికూతురిలా.

ఘాటు పైన ఒక మైలురాయి దగ్గర నిలబడ్డాను. కింద ఎక్కడో ఉండగానే బండి చప్పుడు వినిపించింది. మూడో మలుపు దాటింది. ఆఖరి మలుపుకు వచ్చేసరికి చప్పుడు బొంగురుపోయింది, దగ్గింది, చచ్చిపోయిందనుకున్నాను. ఉన్నట్టుండి మళ్లీ అందుకుంది. అందుకోవడం కాదు, గొంతు సవరించుకున్నట్టు తేటపడి ఒకే ఊపున పైకి రాసాగింది. నేను చేతులు జోడించాను. ఫిజిక్స్ చదివినదాన్ని. ఆ చప్పుడు ఎందుకు తేటపడిందో నాకు అప్పుడే తెలియాల్సింది.

బండి దుమ్ములోంచి బయటికి వచ్చింది. కాక ముఖం అంత వెలగడం నేను అంతకు ముందు చూడలేదు, తరువాత చూడలేదు. కళ్లు దారి మీద, చేతులు స్టీరింగు మీద, నోరు మాత్రం పక్కసీటుతో మాట్లాడుతోంది. "అన్న గద, నీ కాలు భూమ్మీద పెట్టనియ్యనని. సూసినవా? ఆగుతదనుకున్నవ్ గద? ఆగిందా?" ఆమె జవాబు చెప్పలేదని ఆయనకు వింతగా తోచలేదు. ఆమె ఎప్పుడు చెప్పింది కనక?

"కాకా, చిన్నమ్మ ఏది?" అన్నాను.

ఆయన తిరిగి చూశాడు. బంగారు పూలు తప్ప సీట్లో ఏమీ లేదు. కొక్కెం ఊడదీసిన తాడు ఊగుతోంది.

నేను కిందికి పరుగెత్తాను. రెండు ఫర్లాంగుల దూరంలో, వాననీళ్లు రోడ్డు కిందుగా పోయే మోరీ గోడ మీద చిన్నమ్మ కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన జతగా పెట్టుకుంది. పడలేదు, ఎవరూ తోయలేదు. బండి నడక కంటే నెమ్మదైన చోట, బస్సులోంచి దిగినట్టే దిగింది. కొంతదూరం వెనకాల నడిచింది కూడా.

"ఎక్కిందా?" అని అడిగింది.

"ఎక్కింది."

"నేను దిగిన కాబట్టి ఎక్కిందని మీ కాకకు చెప్పకు బిడ్డా. మనసు విరుగుతది." ఊపిరి కోసం ఆగి, మళ్లీ అంది. "నువ్వు చెప్పింది నిజమే. నేను దిగంగనే ఎట్ల ఉరికిందో సూడు."

కాక బండి వదిలేసి వచ్చాడు. వంగి ఆమెను వీపు మీద ఎక్కించుకుని ఆ రెండు ఫర్లాంగులూ నడిచాడు. నేను తరువాతి బస్సులో ఆదిలాబాద్ చేరగానే డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, ఇలాంటి మనిషిని ఘాటు మీద నడిపిస్తారా, చదువుకున్నదానివి కాదా అని కడిగేసింది. చిన్నమ్మ చెప్పులు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి.

తంగేడు పూసే రోజుల్లో, బతుకమ్మ ఇంకా వారం ఉందనగా, చిన్నమ్మ పోయింది. దినాలు అయిన మర్నాడు బండి చప్పుడు విని నేను బయటికి వచ్చాను. పూల సీట్లో జొన్నల మూట ఉంది, తాడు కట్టి ఉంది. కాక బండిని ఘాటు దారి పట్టించాడు. మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. మూట దించి, అరుగు మీద నా పక్కన, అదే చోట కూర్చున్నాడు.

"ఎక్కింది బిడ్డా" అన్నాడు. "ఏడ ఆగలే. సీటు మార్చినంక ఆగకుంట ఎక్కుతదది."

అంతే అన్నాడు. నా మాట ఆయనకు గుర్తుందో లేదో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ రోజు మలుపులో బండి దగ్గింది నిజమే. ఇంకొక్క క్షణం కూర్చుంటే అది అందుకునేదేమో. ఆ క్షణంలో ఆమెకు నా మాట గుర్తొచ్చిందని మాత్రం నాకు తెలుసు. ఎంతమందితో ఎన్ని వాదాలు గెలిచానో లెక్కలేదు కాని, ఈ ఒక్కదాన్ని ఎటువైపు నుంచి వాదించినా ఓడిపోతూనే ఉన్నాను. కాక ఆ బండిని మళ్లీ తోలలేదు. కోళ్లు మళ్లీ అందులోకి చేరాయి. సీటు నా దగ్గర ఉంది. పూలు వెలిసిపోయాయి, బరువు మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

మొన్న బస్సు ఎవరినీ దించకుండానే ఆఖరి మలుపు దాటింది. చేతిలో నిమ్మకాయతో కిటికీలోంచి ఆ మోరీ గోడ కోసం వెతికాను, కనిపించేలోపే వెనకబడిపోయింది. కాలం కూడా అలా సులువుగానే పైకి పోతుంటుంది, ఎవరు దిగిపోతే తనకు ఆ సులువు వచ్చిందో వెనక్కి తిరిగి చూడదు.