గుమ్మి జరిపిన ఇల్లు

తూంకుంటలో మా మనవరాలు కొన్న ఫ్లాటుకు ఇల్లు అలంకరించే అమ్మాయి ఒకతె వచ్చింది. రంగుల అట్టలు నా ఒళ్ళో పరిచి, "అమ్మమ్మా, మీ గదిల అల్మారా ఎక్కడ పెడదాం?" అని అడిగింది. నా మోకాలికి తగలని చోట ఎక్కడైనా సరే అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. నాకు మాత్రం శామీర్‌పేటలోని మా మేనత్త ఇల్లు కళ్ళముందు నిలిచింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పోతే, నాయిన నన్ను అత్త దగ్గర వదిలాడు. మామ అప్పటికే పటాలంలో లారీ నడపడానికి యుద్ధానికి వెళ్ళిపోయాడు. వాళ్ళకు పిల్లల్లేరు. రెండు గదుల మట్టి ఇల్లు, అందులో అత్త, నేను. ముందుగదిలో సగం చోటు మనిషెత్తు వడ్ల గుమ్మిదే. తలుపు తీస్తే ఎదురుగా అదే. దాని వెనక చీకటి. మామ పెట్టిన చోటు కాబట్టి అత్త రెండేళ్ళు దాన్ని ముట్టుకోలేదు. మూడో ఏడు నలుగురిని పిలిచి వెనకగదిలోకి జరిపించింది. కొత్త చోటు మాకంటే ముందు ఎలుకలకు అలవాటైంది. ఖాళీ అయిన చోట నేల నున్నగా అలికి, గోడలకు సున్నం వేసి, కింద జాజుతో ఎర్రని పట్టీ దిద్ది, మంచాన్ని కిటికీ కిందికి లాగింది. తోమిన ఇత్తడి బిందెలు గడప పక్కనే వరసగా పేర్చింది. పొద్దున ఎండ వాటిమీద పడితే గదంతా పసుపు వెలుగు నిండేది.

పక్కింటి ఖాలా చూసి బుగ్గలు నొక్కుకుంది. "మస్తు జేసినవ్ బిడ్డా, మహల్ లెక్కున్నది! మరి వడ్లు తీయాల్నంటే ఎనకగదిల దీపం వట్టుకొని పోతవా?"

"పోత ఖాలా. మనిషి ఇంట్లకు రాంగనే పానం సల్లవడాలె," అంది అత్త.

వచ్చే మనిషి ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆ వెలుగును రోజూ చూసేది మాత్రం మేమిద్దరమే. అన్నం తినేటప్పుడు కూడా అత్త తలుపువైపే కూర్చునేది.

యుద్ధం ముగిశాక మామ వచ్చాడు. తోటి సిపాయి ఒకతను అల్వాల్ నుంచి బండిలో తీసుకొచ్చి, వాకిట్లో దింపి, చెయ్యి వదిలాడు. మందుగుండు పేలి మామ రెండు కళ్ళూ పోయాయన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. సాయం వద్దని, తన ఇల్లు తనకు తెలుసునని గడప దాటాడు. ఎదురుగా ఉండాల్సిన గుమ్మి కోసం చెయ్యి చాచి, అది అందక తూలి బిందెలమీద పడ్డాడు. ఆ మోతకు ఖాలా పరుగెత్తుకొచ్చింది. మామ నేలమీదే కూర్చుని, "గిది నా ఇల్లేనా?" అన్నాడు.

అత్త ఏడవలేదు. మర్నాడే గుమ్మిని ముందుగదిలోకి, మంచాన్ని పాత మూలకు చేర్పించి, బిందెలను అటకెక్కించింది. మామ తలలో ఇల్లు ఎలా ఉందో అలాగే అయింది. ఆయన గోడ పట్టుకోకుండా తిరగసాగాడు. గది మళ్ళీ చీకటైంది. అత్త ఆ చీకట్లోనే కూర్చుని బియ్యం చెరిగేది. మామ మాటలు తగ్గిపోయాయి, ఆమెవీ తగ్గాయి.

జాజు పట్టీ ఒక్కటే అత్త మానలేదు. అది ఎవరి కాలికీ అడ్డు కాదు కదా. ఒక ఎండాకాలం మామ తడి సున్నం వాసన పట్టి, "గోడకు ఏమేస్తున్నదే మీ అత్త?" అని నన్ను అడిగాడు. ఎర్ర పట్టీ, దానిమీద తెల్ల చుక్కల వరస అని చెప్పాను. ఆయన లేచి వంగి, అరచేత్తో గోడ తడిమాడు.

"పచ్చిగున్నది, అంటుతది," అంది అత్త.

"మంచిగేసినవా?"

"ఏసిన," అంది అత్త. చెదిరిన చుక్కలను మళ్ళీ దిద్దలేదు.

మనిషి లేనప్పుడు కాలం ఎంత మెల్లగా నడుస్తుందో ఆ ఇంట్లోనే చూశాను. ఆ మనిషి తిరిగొచ్చాక కూడా అది అంతే మెల్లగా నడవగలదని తెలిసిందీ అక్కడే.