పెన్ను చూడటానికి వెళ్లే అక్క

మా ఆఫీసులో చేత్తో మ్యాపులు గీసే అక్క ఒకామె ఉండేది. పెన్ను కొనాలంటే విశాఖ మద్దిలపాలెంలోని పెన్నుల షాపులో గంట కూర్చునేది. చిత్తు కాగితం మీద పాయింట్ వన్ సన్న పెన్నుతో యారాడ కొండ, పాయింట్ ఎయిట్ లావు పెన్నుతో హార్బరు గీసి చూసేది.

"ఏటమ్మా, ఊరంతా గీసీసినారు. పెన్ను ఎప్పుడు కొంతారు?" అనేవాడు షాపాయన.

"ఉండండి బాబూ, ఇంకా సూత్తన్నాను."

ఒకసారి ఒక హోటలువాళ్లు గోడకు పెట్టుకోవడానికి విశాఖ మ్యాపు అడిగారు. ఖరీదైన కాగితం ముందు కూర్చోగానే అక్క చెయ్యి బిగుసుకుపోయింది. సముద్రతీరం స్కేలు పెట్టి గీసినట్టు వచ్చింది. మూడు కాగితాలు చింపేసింది. ఇవ్వాల్సిన రోజు రానే వచ్చింది. నేను షాపుకు పరిగెత్తి, ఆమె వదిలేసిన చిత్తు కాగితం తెచ్చి హోటలువాళ్లకు చూపించాను. వాళ్లు ఎగిరి గంతేశారు.

"అది మ్యాపు కాదే, పిచ్చిగీతలు!" అని అక్క నా మీద మండిపడింది. తర్వాత కాగితాన్ని చాలాసేపు చూసి, "నానే గీసినానా?" అంది.

అప్పటినుంచి ఏ ఆర్డరు వచ్చినా మంచి కాగితం ఆ షాపు కౌంటరు మీదే పరిచేది. అది ఎగిరిపోకుండా షాపాయన ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ, వచ్చినవాళ్లతో గుసగుసగా బేరాలాడేవాడు.